చూడటానికి ఏమీ లేని సర్వర్

కంప్యూటర్ పని నేర్చుకుంటున్న పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడు తరచూ ఒక సంగతి అడుగుతుంటారు. ఇంట్లోనే ముగ్గురు నలుగురు కలిసి ప్రోగ్రాములు రాసుకోవాలంటే ఏ గిట్ సర్వర్ పెట్టుకోవాలి అని. ఫోనులో బోలెడు పేర్లు చూసి వస్తారు. ఏది మంచిదో నేను ఒక్క ముక్కలో చెప్పేస్తే వెళ్లి పెట్టేసుకుందామని వాళ్ల తొందర. నేను మాత్రం, "మీలో ఎవరెవరు కూర్చుని పనిచేస్తారు?" అని ఎదురడుగుతాను. వాళ్లకది సంబంధం లేని ప్రశ్నలా తోస్తుంది. నాకూ ఒకప్పుడు అలాగే తోచేది.

గిట్ సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ప్రోగ్రాం ఒకసారి రాసి వదిలేసేది కాదు. రోజూ ఎవరో ఒకరు ఏదో ఒకటి మారుస్తూనే ఉంటారు. ఎవరు ఏ వాక్యం మార్చారో గుర్తుపెట్టుకుని, కావాలంటే పాతదాన్ని మళ్లీ తెచ్చి చేతిలో పెట్టేది గిట్. అందరి మార్పులూ ఒకచోట చేరే కంప్యూటరే సర్వర్. అంతకు మించి మీకు తెలియాల్సింది లేదు.

మా నాన్న తెలంగాణ నుంచి బొగ్గు గనిలో పనికి వచ్చి చంద్రపూర్‌లో స్థిరపడ్డాడు. నేను ఇక్కడే పుట్టాను, మరాఠీలో చదువుకున్నాను. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది. గనుల కార్యాలయంలో కంప్యూటర్ విభాగంలో చేరి అక్కడే రిటైరయ్యాను. కానీ ఖాళీగా కూర్చోవడం చేతకాలేదు. బాబుపేట్‌లో మా ఇంటి ముందు గదిలో టేబుళ్లు వేసి, ఇంకో ఇద్దరితో కలిసి చిన్న పని మొదలుపెట్టాను. నా ఉద్యోగ జీవితం అంటే నాకు ఇప్పుడు ఆ కార్యాలయం గుర్తుకురాదు, ఈ ముందు గదే గుర్తుకొస్తుంది.

మేం రాసేది పత్తి మిల్లుల కాటాల కోసం. పత్తితో నిండిన ట్రాక్టర్ గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లులోకి రాగానే కాటా మీద నిలబెట్టి తూస్తారు. పత్తి దింపాక ఖాళీ ట్రాలీని మళ్లీ తూస్తారు. రెండింటి తేడా పత్తి బరువు. ఆ లెక్క చూసి రసీదు అచ్చువేసే ప్రోగ్రాం మాది. రాజురాలో ఒక మిల్లు, వరోరాలో ఒక మిల్లు మా దగ్గర తీసుకున్నాయి.

నాతో ఉన్న ఇద్దరిలో ఒకతను కోర్పన వైపు సరిహద్దు ఊరి రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు. నలభై దాటినవాడు. నన్ను అక్కా అనేవాడు, నేనూ తమ్మీ అని పిలిచి తమ్ముడిలాగే చూసుకునేదాన్ని. రైతుకు కాటా దగ్గర ఏం భయమో అతనికి చెప్పనక్కర లేదు. చిన్నప్పుడు తండ్రి పక్కన ట్రాలీ మీద కూర్చుని వెళ్లినవాడే. రెండో ఆమె బామ్ని నుంచి స్కూటీ మీద వచ్చే అమ్మాయి. కాలేజీ అయ్యి కొద్ది కాలమే అయింది. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ, కోపం వస్తే రెండూ.

మేం ప్రోగ్రాంని ఒకరి నుంచి ఒకరికి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిపుచ్చుకునేవాళ్లం. అందులో ఫోల్డర్ల పేర్లు "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఇదే ఫైనల్". నవ్వొస్తుంది కదా! చాలా ఆఫీసుల్లో ఇప్పటికీ ఇదే నడుస్తోంది.

ఒక సీజన్ మధ్యలో వరోరా మిల్లు మేనేజర్ ఫోన్ చేసి అరిచాడు. ఒకే ట్రాక్టర్ అదే రోజు రెండోసారి వస్తే, దానికి పొద్దుటి బరువే రసీదులో పడుతోందట. రైతులు కాటా గది చుట్టూ గుమిగూడారట. రసీదులు చేత్తో రాసిస్తున్నారట. ఈ తప్పు కిందటి సీజన్‌లోనే మేం సరిచేశాం. సరిచేసిన తప్పు మళ్లీ లేచి కూర్చుందంటే, పాత ఫోల్డర్ మిల్లుకు వెళ్లిందన్నమాట. తీసుకెళ్లి వేసింది తమ్ముడు.

తమ్ముడూ నేనూ వరోరా వెళ్లి సరిచేసి వచ్చాక కూడా అమ్మాయి కోపం ఆరలేదు. అతను గదిలోకి అడుగుపెట్టగానే అడిగేసింది.

"అన్నా, నువ్వు చూసి ఎయ్యలేదా? పేరు స్పష్ట్ రాసి ఉంది గద దాని మీద!"

"చూసే ఏసిన."

"మగ కసం ఝాలం? మరెట్లయింది? చూసి ఏస్తే ఎట్లైతది గిట్ల?"

అతను టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఎండ ఇంకా ఉంది. అతను ఎప్పుడూ చీకటి పడకముందే వెళ్లిపోయేవాడు. బస్సు కోసం అనుకునేదాన్ని.

మర్నాడు పొద్దున్నే వచ్చి పెన్‌డ్రైవ్ నా ముందు పెట్టాడు.

"అక్కా, ఇగ నేను బంద్ చేస్త."

"ఏం బంద్ చేస్తవ్?"

"పనే. కండ్లు పోతున్నయక్కా."

నేను టీ గ్లాసు కింద పెట్టాను. అతను తలవంచుకుని, ఎన్నాళ్లుగానో లోపల అనుకుంటూ ఉన్న మాటల్లాగా గబగబా చెప్పాడు. "నడిమిట్ల కనబడ్తది, పక్కలకు కనబడది. గొట్టంల నుంచి చూసినట్టు. మొబ్బుల, చీకటి పడితే, మొత్తమే కనబడది. నాగపూర్‌ల పెద్ద డాక్టర్‌కు చూపెట్టిన. పోయింది మల్ల రాదట. ఉన్నది ఎన్నొద్దులుంటదో చెప్పలేనన్నడు. నిన్న ఆ పేర్లు చూసిననే అనుకున్న. సగమే చూసిన."

అతను పక్కనున్న గ్లాసులు తగిలించి పడేయడం, తలుపు అంచు భుజానికి కొట్టుకోవడం, పండక్కి మా ఇంట్లో అందరం మేడ మీదికి వెళ్తే తను కిందే ఉండిపోవడం అన్నీ ఒక్కసారి నా కళ్ల ముందుకు వచ్చాయి. పని చేసుకుని బతికే మనిషిని కాబట్టి నోటికి పని మాటే వచ్చింది.

"మరి ఇన్నొద్దులు ఎట్ల చేసినవ్?"

"ఇనుకుంట."

తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. అతను ఇంట్లో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, భార్యకు తప్ప ఎవరికీ చెప్పకుండా, దానితో పనిచేయడం నేర్చుకుంటున్నాడు. "కోడ్ రాసుడు ఇనుకుంట అయితదక్కా. అలవాటైతుంది. కాని మన పెన్‌డ్రైవ్ పెట్టిననుకో, ఫైనల్, ఫైనల్, ఫైనల్ అనుకుంటనే పోతది. ఏ ఫైనలో నాకేం ఎరుక?"

నాకు నవ్వు ఆగలేదు. అతనూ నవ్వాడు. అప్పుడు చూస్తే అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది, హెల్మెట్ ఇంకా తలమీదే ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. క్షమించమని అడగలేదు. నేరుగా వచ్చి టేబుల్ మీది పెన్‌డ్రైవ్ తీసి సొరుగులో పడేసి, "ఇది ఇగ నక్కో, అస్సలొద్దు. గిట్ పెడుదం" అంది.

"గిట్టా? గట్లనా గిట్లనా?" అన్నాడు అతను.

మా గదిలో ఆ పరాచికం చాలా కాలం నడిచింది.

అమ్మాయి మొదట ఇంటర్నెట్‌లో దొరికే ఉచిత సేవలో పెట్టేద్దామంది. కానీ రాజురా మిల్లు యజమాని పని ఇచ్చేటప్పుడే, మా ప్రోగ్రాం, మా లెక్కలు మీ చేతులు దాటి బయటికి పోవద్దని మాట తీసుకున్నాడు. పైగా మా వీధిలో ఏ గుంత తవ్వినా ముందు తెగేది ఇంటర్నెట్ తీగే. కాబట్టి ఇంట్లోనే, మా ఇంటి వైర్ల మీదే నడిచే సర్వర్ కావాలి. మెట్ల కింద ఒక పాత కంప్యూటర్ పడి ఉంది. దాన్ని తుడిచి లేపాం.

ఇక ఏది పెట్టాలన్నది మొదలైంది. నేను కార్యాలయంలో పెరిగినదాన్ని. పెద్ద సంస్థలు వాడే పెద్ద సర్వరే మంచిదని నా నమ్మకం. అందులో లేని సౌకర్యం లేదు. దాన్ని ఆ పాత కంప్యూటర్ మీద ఎక్కిస్తే, ముసలి ఎద్దు మీద రెండు బండ్ల బరువు వేసినట్టయింది. ఒక పేజీ తెరుచుకునేలోపు నేను వంటింట్లోకి వెళ్లి స్టవ్ వెలిగించి రావచ్చు. సరే, కొత్త కంప్యూటర్ కొందామా అని కూడా ఆలోచించాను. అప్పుడు తమ్ముడు ఆ పేజీ వినిపించాడు. మేం వెతుకుతున్న ఫైలు పేరు దాకా చేరడానికి ముందు ఆ గొంతు మెనూలు, బొమ్మలు, బటన్లు, లింకులు అన్నీ వరసగా చదువుతూ పోయింది. సంతలో ఒక మనిషి ఇంటికి దారి అడిగితే, దారిలో ఉన్న ప్రతి దుకాణం బోర్డు చదివి వినిపించినట్టుంది.

దాన్ని తీసేసి తేలికైనది ఒకటి పెట్టాం. ఇది పాత కంప్యూటర్ మీద హాయిగా పరుగెత్తింది. పేజీలు అందంగా ఉన్నాయి. అమ్మాయికి చాలా నచ్చింది. నాకూ నచ్చింది. నిజం చెప్పాలంటే ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. తమ్ముడు కూడా కాదనలేదు. కాకపోతే అతను పని మొదలుపెట్టేసరికి మేం ఒక పని ముగించేవాళ్లం. ప్రతిసారీ ఆ పేజీల్లో ఏదో ఒక బటన్ దగ్గర తప్పిపోయేవాడు. అలసిపోయినా చెప్పేవాడు కాదు. ఒకరోజు మాత్రం, కసురుకున్నట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"అక్కా, మనం ముగ్గురమే గద. గిన్ని దర్వాజలెందుకు?"

నేను లేచి గోడ దగ్గరికి వెళ్లాను. గోడ మీది తెల్ల బోర్డు నిండా నేను ఏ సర్వర్‌లో ఏమేం ఉన్నాయో రాసి పెట్టుకున్నాను. ఆ రాసినవాటిలో మేం ఒక్కసారైనా వాడినవి ఏవని చూసుకుంటే, వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు.

అప్పుడు తెలిసింది, ఇంకో దారి మొదటి నుంచీ మా ముందే ఉందని. గిట్‌కు అసలు వేరే సర్వర్ ప్రోగ్రాం అక్కర్లేదు. ఆ కంప్యూటర్‌లో ఒక ఖాళీ చోటు, అందులోకి వెళ్లడానికి మా ముగ్గురికీ తలా ఒక తాళంచెవి లాంటి గుర్తు ఉంటే చాలు. నల్ల తెర మీద చిన్న ఆదేశం టైప్ చేస్తే మన మార్పులు అక్కడికి వెళ్తాయి. ఇంకోటి టైప్ చేస్తే మిగతావాళ్లవి మనకు వస్తాయి. పేజీలు లేవు, బటన్లు లేవు.

"దీంట్ల చూడనీకి ఏం లేదు గద మేడం!" అంది అమ్మాయి, మొహం చిన్నబుచ్చుకుని.

"చూడనీకి లేకుంటేనే నాకు బరోబర్" అన్నాడు అతను.

అమ్మాయి ఒక్క క్షణం అతని వంక చూసి, కుర్చీ జరుపుకుని, ఉన్న సర్వర్ తీసేయడం మొదలుపెట్టింది.

అది మే నెల. చంద్రపూర్ ఎండల గురించి బయటివాళ్లకు చెప్పినా నమ్మరు. మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా కనిపించదు. మా గదికి ప్రాణం కిటికీలో ఉన్న పెద్ద కూలర్. అంతా సిద్ధమయ్యాక తమ్ముడు కీబోర్డు ముందు కూర్చుని, చేతులు తుడుచుకుని, "అక్కా, జర కూలర్ బంద్ చెయ్యున్రి. ఇనబడ్తలేదు" అన్నాడు.

"ఈ ఎండలనా!" అంది అమ్మాయి. అని, తనే లేచి ఆపేసింది.

గది నిశ్శబ్దమైంది. మేం కూడా వినాలని అతను ఇయర్‌ఫోన్ తీసేసి స్పీకర్‌లో పెట్టాడు. ఆ గొంతు ఎంత వేగంగా మాట్లాడుతోందంటే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అతను దాన్ని అంత వేగానికి పెట్టుకుని వినడం నేర్చుకున్నాడు. ఒక చిన్న మార్పు చేశాడు, సర్వర్‌కి పంపాడు. అమ్మాయి తన దగ్గరికి తెచ్చుకుని, "వచ్చింది!" అని అరిచింది. ఇంకో మార్పు. అదీ వచ్చింది. మా ముగ్గురికీ చెమటలు ధారగా కారుతున్నాయి. ఎవరికీ పట్టలేదు.

అంతలో అతని వేళ్లు ఆగాయి. గొంతు కూడా ఆగింది. మళ్లీ ఏదో నొక్కాడు. ఆ గొంతు "ఖాళీ" అంది. ఇంకోసారి నొక్కాడు. "ఖాళీ."

"అక్కా," అన్నాడు, "అంత పోయింది."

రసీదు లెక్క చేసే భాగం మొత్తాన్ని తుడిచేశాడు. తుడిచేసిందే భద్రం చేసి సర్వర్‌కి కూడా పంపేశాడు. అతని మొహం చూస్తే వరోరా నుంచి ఫోన్ వచ్చిన రోజు నాకు గుర్తొచ్చింది. కుర్చీ వెనక్కి నెట్టి లేవబోయాడు. "నేను చెప్పలే? నాతోని కాదిది."

అమ్మాయి అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. "అన్నా, కూసో. ఏం పోలే. గిది పెన్‌డ్రైవ్ కాదు. ఎనకకు పో."

"ఎట్ల?"

"నువ్వే చెయ్యి. నేను ముట్ట." ఆదేశం ఒక్కో మాటా నోటితో చెప్పింది. అతను టైప్ చేశాడు.

ఆ గొంతు మాట్లాడటం మొదలుపెట్టింది. తుడిచేసిన లెక్క అంతా, ఒక్కో వాక్యంగా, వరసగా చదువుకుంటూ పోయింది. ఆ వేగంలో కూడా ఈసారి నాకు అర్థమయింది, ఎందుకంటే ఆ వాక్యాలు నాకు నోటికి వచ్చు. అతను కదలకుండా చివరిదాకా విన్నాడు. అయిపోయాక, కావాలనే, నవ్వుకుంటూ, దాన్ని మళ్లీ తుడిచేశాడు. మళ్లీ తెచ్చాడు. ఆటబొమ్మ దొరికిన పిల్లవాడిలా ఇంకోసారి కూడా చేశాడు.

"ఇగ చాలు అన్నా, చెమటల నానుతున్నం!" అని అమ్మాయి కూలర్ వేసింది.

చూపు తగ్గితే మనిషి పని తప్పక తగ్గుతుందని అనుకుంటాం. అతని పని తగ్గించింది చూపు కంటే భయమే ఎక్కువ. ఎక్కడ ఏది చెడగొడతానో అన్న భయం. చెడగొట్టినా తిరిగి తెచ్చుకోవచ్చని తెలిశాక అతను వేరే మనిషి అయ్యాడు. ఆ వేసవిలో అతను రాసినంత మేమిద్దరం కలిసి రాయలేదు. తర్వాత అమ్మాయి కోసం, మార్పులను చూసుకోవడానికి మాత్రమే పనికొచ్చే చిన్న పేజీ ఒకటి పెట్టుకున్నాం. సర్వర్ పాడైతే ఎలా అని, దానిలో ఉన్నదంతా అప్పుడప్పుడూ ఒక డిస్కులోకి ఎక్కించి ఆమె బామ్నిలో ఇంట్లో దాచేది. ఒక ఇల్లు మునిగినా ఇంకో ఇంట్లో ఉంటుంది. సర్వర్ పెట్టుకునే పిల్లలు ఈ సంగతి మాత్రం మరిచిపోవద్దు.

గిట్‌లో బ్రాంచ్ అని ఒక ఏర్పాటు ఉంది. అసలు ప్రోగ్రాంకి ఏమీ కాకుండా, పక్కన మన సొంత ప్రయోగం చేసుకోవచ్చు. పత్తి సీజన్ దగ్గర పడుతుండగా ఒకరోజు చూస్తే తమ్ముడి పేరుతో కొత్త బ్రాంచ్ ఉంది. ఏమిటని అడిగితే సిగ్గుపడ్డాడు.

"కాటా మాట్లాడాలె అక్కా. నాకు కంప్యూటర్ చదివి ఇనిపిస్తుంది. మరి రైతుకెందుకు ఇనిపియ్యొద్దు? మా నాయినకు రసీదు చదవరాకపోయేది. ఎవలినన్న బతిమాలి చదివించుకునేటోడు. మైకుల బరువు చెప్తే మంది మొత్తం ఇంటరు. ఇగ ఎవలు ఎవలిని అడుగుడెందుకు?"

నిజమే. మా వైపు తెలుగువాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీ చదువుతారు. పెద్దవాళ్లలో చాలామందికి ఏదీ చదవడం రాదు. బరువు రెండు భాషల్లో వినిపించాలి. మరాఠీ అంకెలు అమ్మాయి చదివి రికార్డు చేసింది. తెలుగువి నన్ను చదవమన్నారు. ఈసారి ఫ్యాను ఆపి, తలుపులు వేసి కూర్చున్నాం. నేను గొంతు సవరించుకుని చక్కగా చదివాను. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు.

"వార్తలు చదివినట్టుంది అక్కా. రైతు భయపడ్తడు. మీరు కూరగాయలామెతోని మాట్లాడినట్టు చెప్పున్రి."

అలాగే చదివాను. దాన్నే ఉంచారు.

రాజురా మిల్లులో మొదట పెట్టాం. ఆ రోజు తమ్ముడూ నేనూ బస్సులో వెళ్లాం. అతని చేతిలో తెల్ల కర్ర ఉంది, ఇంకో చేత్తో నా మోచేయి పట్టుకున్నాడు. మేనేజర్ మమ్మల్ని కాటా గదిలో కూర్చోబెట్టాడు. బయట స్తంభానికి స్పీకర్ కట్టారు. ట్రాక్టర్లు గేటు దాకా బారులు తీరి ఉన్నాయి. గాలికి లేచిన పత్తి పోగులు అందరి జుట్టులో ఉన్నాయి. మొదటి ట్రాక్టర్ ఎక్కింది. స్తంభం మీద నుంచి నా గొంతు బరువు చెప్పింది, తర్వాత అమ్మాయి గొంతు మరాఠీలో. బారులో ఉన్నవాళ్లు తలలెత్తి చూశారు. ఎవరో చప్పట్లు కొట్టారు. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

కొన్ని ట్రాక్టర్లు వెళ్లాక, పత్తి దింపేసి మళ్లీ తూకానికి కొడుకు తెస్తున్న ట్రాక్టర్ పక్కన ఒక పెద్దామె నడుచుకుంటూ వచ్చింది. పత్తి బరువు వినిపించింది. ఆమె కదల్లేదు. స్తంభం వైపు మొహం పెట్టి గట్టిగా అంది:

"ఇంకోపాలి చెప్పు."

స్పీకర్ ఏమీ అనలేదు.

"ఏందమ్మా, నిన్నే! ఇంకోపాలి చెప్పరాదు? నాకు సరిగ్గ ఇనబడలే."

కొడుకు నవ్వుతూ, "మిషనవ్వా అది, మనిషి కాదు" అన్నాడు. "మిషనైతే ఏంది, నోరున్నది గద" అంది ఆమె. వెనక ట్రాక్టర్లు హారన్లు మోగించాయి. మేనేజర్ బయటికి వెళ్లి ఆమెను పంపేయబోయాడు.

తమ్ముడు కిటికీ దగ్గర కూర్చుని అంతా విన్నాడు. "సాబ్, జర ఆగున్రి," అని కేక వేశాడు. "ఆమె అడిగింది రైటే. మనం ఇయ్యలే, గంతే." కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. ఇయర్‌ఫోన్ ఒక చెవికి పెట్టుకుని, రెండో చెవి బయటికి వదిలి, వేగంగా టైప్ చేశాడు. నేను పక్కనే నిలబడ్డాను. హారన్లు ఇంకా మోగుతున్నాయి. అతని చేతులు ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. పని ముగించి, కాటా నడిపే మనిషి వేలు పట్టుకుని ఒక బటన్ మీద పెట్టాడు.

"ఇది నొక్కు."

స్తంభం మీద నుంచి నా గొంతు ఆమె పత్తి బరువు మళ్లీ చెప్పింది. ఆమె కొంగు చెవి వెనక్కి తోసుకుని, తల ఒక పక్కకు వంచి, చివరి అంకె దాకా విన్నది.

"ఆఁ, గిప్పుడు సమజైంది," అంది. అని, స్తంభం వైపు చెయ్యి ఊపి, కొడుకును పొమ్మంది. ట్రాక్టర్ కదిలింది. తమ్ముడు ఇయర్‌ఫోన్ తీసేసి, దాని శబ్దం గేటు దాటేదాకా వింటూ కూర్చున్నాడు.